క్యూ తప్పించడమే మర్యాద అనుకున్నాను

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "అన్నా, క్యూ చూసుకోవడంలో నేర్చుకునేది ఏముంటుంది?" అని అడిగారు. నవ్వొచ్చింది. ఆ మాట నేనూ అనుకున్నవాడినే. పార్కులో ఉద్యోగమంటే తాడు కట్టడం, జనాన్ని వరసలో పెట్టడం, ముందుకు దూరేవాణ్ణి వెనక్కి లాగడం, అంతే కదా అనుకున్నాను. అంతే కాదని తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు మస్తాన్. అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల మధ్య ఒక పార్కు ఉంది. జెయింట్ వీల్, నీళ్ళ జారుడుబండలు, కృత్రిమంగా అలలు వచ్చే కొలను, తినుబండారాల కొట్లు ఉంటాయి. రిటైరయ్యేదాకా అందులో క్యూలన్నిటికీ నేనే ఇన్‌ఛార్జిని. అంతకుముందు బస్టాండులో మైకు దగ్గర పనిచేశాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం నా పని. నా గొంతు మీద నాకు మహా నమ్మకం. పార్కు ఎండీ గారు నన్ను తీసుకున్నదీ ఆ గొంతు చూసే. "మస్తానూ, నువ్వు మాట్లాడితే జనం కదులుతారయ్యా" అనేవారు. నిజమే, కదిలేవారు.

దర్జీ రఫీ చెప్పింది సగమే విన్నాను

మొదటి తప్పు చిన్నది. చిన్నదని అప్పుడు అనుకున్నాను.

విడవలూరు నుంచి రఫీ అని ఒక దర్జీ, భార్యనూ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు రెండూ పడిపోయాయి. మూడు చక్రాల బండిలో వచ్చాడు. అప్పటికి మా పార్కులో అలాంటివాళ్ళకు పక్క గేటు పెట్టి ఏడాదయింది. అది నా ఆలోచనే. పక్క గేటులోంచి నేరుగా రైడ్ దగ్గరికి పంపించేవాళ్ళం. మా కుర్రాళ్ళు ఇద్దరు రఫీని చూడగానే పరుగెత్తుకెళ్ళి, ఒక మాటైనా చెప్పకుండా చంకల కింద చేతులు వేసి ఎత్తి జెయింట్ వీల్ తొట్టిలో కూర్చోబెట్టారు. నేను పక్కనే నిలబడి మెచ్చుకోలుగా చూస్తున్నాను.

రఫీ ముఖం ఎర్రబడింది.

"ఏందన్నా ఇది? నేనేమన్నా వడ్ల బస్తానా? ఎత్తే ముందర ఒక్క మాట అడగొచ్చు గదా. నా చేతుల్లో బలం ఉండాది. నేనే ఎక్కేవాడిని."

సిగ్గేసింది. ఆ రోజు నుంచీ "ఎత్తే ముందు అడగాలి" అని అందరికీ చెప్పాను. ఆ పాఠం బాగానే నేర్చుకున్నాను. కానీ దిగి వెళ్ళిపోతూ రఫీ ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ మైకులో చెప్పి చప్పట్లు కొట్టించడం ఎందుకన్నా? మా పిల్లలు తల దించుకున్నారు." నేను నవ్వి, "మీకు మర్యాద చేస్తే మొహమాటపడతారేం భాయ్" అన్నాను.

ఆ చప్పట్ల సంగతి చెప్పాలి. పక్క గేటు పెట్టిన కొత్తలో రోజూ తగాదాలే. గంట నుంచి ఎండలో నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా? "వాళ్ళకేంది స్పెషలు?" అని అరిచేవాళ్ళు. నాకో ఉపాయం తట్టింది. పక్క గేటు నుంచి ఎవరు వచ్చినా మైకు తీసుకుని, "మన ప్రత్యేక అతిథులు వస్తున్నారు, దయచేసి దారి ఇవ్వండి, చప్పట్లతో స్వాగతం పలకండి" అనేవాడిని. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకసారి చప్పట్లు కొట్టినవాడు మళ్ళీ తిట్టలేడు కదా. తగాదాలు ఆగిపోయాయి. ఎండీ గారు నన్ను పిలిచి భుజం తట్టారు. మన వైపు పెళ్ళిలో, స్కూలు వార్షికోత్సవంలో, ఎక్కడైనా మర్యాద అంటే మైకే కదా. మైకులో పేరు పిలిస్తే సంతోషించని మనిషి ఉంటాడని నాకు తోచలేదు. చప్పట్లు అందుకునేవాళ్ళను మాత్రం అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఫోన్లో ఒక తల్లి

ఒక వేసవిలో, శుక్రవారం పొద్దున, ఆఫీసు ఫోన్ మోగితే నేనే ఎత్తాను. అవతల ఒక ఆడమనిషి. పేరు సుభాషిణి. బోగోలు దగ్గర ఊరు, వాళ్ళది వ్యవసాయం. తొమ్మిదేళ్ళ కూతురు జాహ్నవి. ఆటిజం అని డాక్టర్లు చెప్పారట. పిల్ల మాట్లాడదు.

"సార్, మా పాపకి తిరిగేవంటే ప్రాణం. మీ జెయింట్ వీల్ని బస్సులోంచి చూసింది. సంవత్సరం నుంచి కాయితాల మీద చక్రాలే గీస్తా ఉండాది. తీసుకోని రావాలని ఉండాది. అయితే శబ్దం పడదు సార్, జనం చూస్తే పడదు. క్యూలో నిలబడలేదు. ఏమన్నా దారి ఉండాదా?"

"మీరు రండమ్మా. ఒక్క నిమిషం కూడా క్యూలో నిలబడకుండా నేనే దగ్గరుండి చూసుకుంటాను" అన్నాను.

చూశారా, ఆమె మూడు మాటలు చెప్పింది. శబ్దం, జనం చూపు, క్యూ. నాకు చేతనైనది క్యూ ఒక్కటే. కాబట్టి నేను విన్నదీ అదొక్కటే. ఆమె ఫోన్లో ఎంత సంతోషపడిందో ఇప్పటికీ గుర్తుంది. "దేవుడి మాదిరి చెప్పినారు సార్" అంది.

ఆదివారం, పక్క గేటు

సుభాషిణి, ఆమె తమ్ముడు, పిల్ల, ముగ్గురూ ఆదివారం పదకొండు గంటలకు వచ్చారు. సెలవులు కావడంతో జెయింట్ వీల్ దగ్గర వరస తినుబండారాల కొట్ల దాకా పాకింది. జాహ్నవి పసుపు గౌను వేసుకుంది. తల్లి చేయి గట్టిగా పట్టుకుని, తల పైకెత్తి, తిరుగుతున్న చక్రాన్నే చూస్తోంది. ముఖంలో ఎంత వెలుగో చెప్పలేను. నేను ఎదురెళ్ళి దండం పెట్టి, పక్క గేటు తెరిపించి, మైకు అందుకున్నాను.

పేరు కూడా చెప్పాను. "బోగోలు నుంచి వచ్చిన మన చిన్నారి జాహ్నవికి చప్పట్లతో స్వాగతం!"

స్పీకరు సరిగ్గా పక్క గేటు మీదే ఉంది. దాని కిందే పిల్ల ఉంది. నా గొంతు, వందల మంది చప్పట్లు, కుర్రాళ్ళ ఈలలు అన్నీ ఒక్కసారిగా ఆ పిల్ల నెత్తిన పడ్డాయి. ఆ అరుపు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. రెండు చెవులూ మూసుకుని అరిచింది. తల్లి దగ్గరకు తీసుకోబోతే ఆమె చేతిని కొరికి విదిలించుకుని పరుగెత్తింది. తల్లి చేతి నుంచి రక్తం కారుతోంది.

నాకు నోట మాట రాకపోయినా బాగుండేది. వచ్చింది. అదీ మైకులోనే వచ్చింది. "అయ్యో, పట్టుకోండి, పాపను పట్టుకోండి!" అన్నాను. నేను మాట్లాడితే జనం కదులుతారని చెప్పానుగా. కదిలారు. పెద్దవాళ్ళు, కుర్రాళ్ళు, ఐస్‌క్రీమ్ చేతిలో ఉన్నవాళ్ళు సైతం, యాభై అరవై మంది ఆ పిల్ల వెంట పడ్డారు. పిల్ల ఇంకా వేగంగా పరుగెత్తింది. వెనక నీళ్ళ ట్యాంకరు కోసం తెరిచి ఉంచిన గేటులోంచి బయటికి పోయింది. సరుగుడు తోటలోకి పోయిందని కాపలా మనిషి చూశాడు. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు.

అలల కొలను ఆపించాను. సముద్రం వైపు ఇద్దరిని పంపాను. వాకీటాకీలో అరుస్తూనే ఉన్నాను. సుభాషిణి మాత్రం అరవలేదు. పైట చెంగు చేతికి చుట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ చుట్టుపక్కల తిరిగేవి ఇంకేం ఉండాయి?"

నాకు అర్థం కాలేదు. ఈమెకు మతి పోయిందా అనుకున్నాను.

"ఫ్యాన్లు, చక్రాలు, మరలు, ఏదైనా సరే. భయం వేస్తే అది తిరిగేదాని కాడికే పోతాది. యాడుండాయో చెప్పండన్నా."

కాపలా మనిషి నెమ్మదిగా, "తోట అవతల రొయ్యల గుంటలు ఉండాయక్కా. ఏరియేటర్లు తిరగతా ఉంటాయి" అన్నాడు.

రొయ్యల గుంట చూడనివాళ్ళకు చెప్తున్నాను. రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళలో చక్రాలు తిరుగుతూ ఉంటాయి. వాటిని తిప్పే కరెంటు కేబుళ్ళు కట్ట మీద నుంచి నీళ్ళలోకే పోతాయి.

కట్ట మీద

పరుగున వెళ్ళాం. సుభాషిణి ముందు, ఆమె తమ్ముడు, నేను, కాపలా మనిషి వెనక. తోట దాటగానే కనిపించింది. పెద్ద గుంట, అందులో వరసగా నాలుగు ఏరియేటర్లు. మొదటిదాని ఎదురుగా కట్ట వాలులో గొంతుకూర్చుని ఉంది జాహ్నవి. నీళ్ళకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాపి నీటి తుంపర్లు పట్టుకుంటోంది. ఏడుపు లేదు, భయం లేదు.

గుంట చూసుకునే పోలయ్య అవతలి మూలనున్న షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది.

"సామీ, ఆ మొదటిదాని కేబులు జాయింటు కాడ టేపు ఊడిపోయుండాది. పొద్దున నాకే జిల్లుమనింది. బాగు చేసేవాణ్ణి పిలిపిస్తే ఇంకా రాలేదు. నీళ్ళల్లో చెయ్యి పెట్టిందంటే అంతే. ఉండండి, మెయిన్ పీకేస్తా."

"పీకెయ్, పీకెయ్!" అన్నాను నేను.

"అన్నీ ఆపబాకండి!" సుభాషిణి గొంతు పెంచకుండానే అంది. "అన్నీ ఒకేసారి ఆగితే అది నీళ్ళల్లో దిగతాది. చేత్తో తిప్పను పోతాది. ఇంట్లో ఫ్యాను ఆగినా అంతే. అన్నా, వీటికి వేరే వేరే స్విచ్చిలుండాయా?"

"ఉండాయమ్మా. నాలుగింటికీ నాలుగు" అన్నాడు పోలయ్య.

"అయితే ముందర ఈ మొదటిది ఒకటే ఆపండి. మిగతావి తిరగనీండి. అది లేచి రెండోదాని కాడికి పోతాది. పోయినాక రెండోది ఆపండి. తరవాత మూడోది. ఆఖరుది మాత్రం ఆపబాకండి. నేను అక్కడ కూర్చోనుంటా."

గుంటలో ఎంత లోతుందో, అందులో పిల్ల దిగితే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. నా నోరు ఊరుకోలేదు. "పాపా, జాహ్నవీ..." అని పిలవబోయాను. సుభాషిణి నా వైపు తిరిగింది.

"అన్నా, మీరు మాట్లాడబాకండి."

నోరు మూసుకున్నాను. ఆమె తమ్ముడు నా చేయి పట్టుకుని కట్ట మీద కూర్చోబెట్టాడు. సుభాషిణి పోలయ్యను వెంటబెట్టుకుని అవతలి కట్ట మీదుగా చుట్టూ తిరిగి, నాలుగో చక్రం పక్కనున్న షెడ్డు దగ్గరికి వెళ్ళింది. పరుగెత్తలేదు. పొలం గట్టు మీద నడిచినట్టు నడిచింది.

మొదటి చక్రం ఆగింది. పిల్ల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఒక కాలు నీళ్ళ వైపు జరిపింది. నేను కళ్ళు మూసుకున్నాను. అల్లాను తలచుకున్నానో, ఏం తలచుకున్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి పిల్ల లేచి నిలబడి పక్కకు చూస్తోంది. రెండో చక్రం తిరుగుతోంది. కట్ట మీదికి ఎక్కి అటు నడిచింది. అక్కడ కాసేపు కూర్చుంది. రెండోది ఆగింది. మూడోదాని దగ్గరికి నడిచింది. అక్కడ ఎంతసేపు కూర్చుందో! పోలయ్య స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని తల్లి వైపే చూస్తున్నాడు. ఆమె తల ఊపేదాకా ఆపలేదు.

నాలుగోదాని దగ్గర సుభాషిణి కట్ట మీద నేలనే కూర్చుని ఉంది. పిల్ల వైపు చూడటం లేదు, చక్రం వైపే చూస్తోంది. పిల్ల వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి వెనక్కి వాలి తల్లి ఒళ్ళో తల పెట్టింది. అప్పుడు సుభాషిణి ముందు గౌను అంచు పట్టుకుంది. తరువాత చేయి పట్టుకుంది. ఆ తరువాతే ఏడ్చింది. నేను అంతకు ముందే ఏడుస్తున్నాను.

వెళ్ళేముందు ఆమె నన్ను అడిగింది. "ఫోన్లో మాట్లాడింది మీరే గదా? గొంతు గుర్తు పట్టినా."

"నేనేనమ్మా."

"శబ్దం పడదని చెప్పినా గదన్నా."

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

ఆ తరువాత ఏం మార్చామంటే

మైకు తీసేశాం. చప్పట్లు మానేశాం. పేర్లు చెప్పడం మానేశాం. క్యూలో నిలబడలేనివాళ్ళకు ఒక చీటీ మీద టైము రాసి ఇచ్చేవాళ్ళం. వాళ్ళు కారులోనో చెట్టు కిందో ఎక్కడైనా కూర్చుని ఆ టైముకు వస్తే చాలు. ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్ళిపోవచ్చు. వరసలో ఉన్నవాళ్ళూ గొడవ చేయలేదు, ఎందుకంటే వాళ్ళకసలు తెలియదు. అన్నేళ్ళు చప్పట్లతో నేను ఆపిన తగాదా ఒక చీటీ ముక్కతో ఆగిపోయింది. ఎంత తెలివితక్కువగా బతికానో అని నన్ను నేనే తిట్టుకున్నాను. పొద్దున గేట్లు తెరిచిన మొదటి అరగంట పాటలు పెట్టకుండా రైడ్లు నడిపించాం.

వైకల్యం ఉందని ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపిస్తేనే చీటీ ఇవ్వాలని ఎండీ గారు పట్టుబట్టారు. "లేకపోతే అందరూ అబద్ధాలు చెప్తారు మస్తానూ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లిని గేటు దగ్గర నిలబెట్టి కాగితం చూపించమనడం నా వల్ల కాదన్నాను. అబద్ధం చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఒకాయన కొడుక్కి మోకాలి నొప్పి అని చీటీ తీసుకున్నాడు. ఆ కుర్రాడు కాసేపటికే జారుడుబండ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. ఎక్కనీ, ఏం పోయింది?

మీకు చెప్పేది ఇదే. మనిషి చెప్పిన మూడు మాటల్లో మీకు చేతనైన ఒక్కటి ఏరుకోకండి. మిగతా రెండూ మళ్ళీ అడగండి. పిల్ల పారిపోతే వెంటపడకండి. గేట్లు మూయండి, నీళ్ళ రైడ్లు ఆపండి, తల్లిని అడగండి. ఆమెకు తెలిసినంత మీకు ఎప్పటికీ తెలియదు.

చెప్పకుండా దాటేసిన సంగతి

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. రెండు రోజులు పెన్ను ముట్టుకోలేదు. కానీ మీకు నిజం చెబుతానని కూర్చుని మంచిదంతా రాసి చెడ్డది దాచుకోవడం న్యాయం కాదు.

ఆ ఆదివారం జరిగిన మూడో రోజున ఎండీ గారు నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చారు. కంప్యూటర్లో కొట్టించారు. "నా కుమార్తెను నేను అదుపులో ఉంచుకోలేకపోవడం వలన జరిగిన ఈ సంఘటనకు పార్కు యాజమాన్యం ఏ విధంగానూ బాధ్యులు కారు" అని ఉంది. కింద తల్లి సంతకానికి చోటు. "రేపు ఎవరన్నా కేసు పెడితే మనకు ఆధారం ఉండాల. నీ మాట వింటుంది, నువ్వే పోయి రా" అన్నారు.

నేను వెళ్ళాను. అవును, వెళ్ళాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయం. బోగోలులో బస్సు దిగి, దారి అడుక్కుంటూ వాళ్ళ ఊరికి, వాళ్ళ ఇంటికి పోయాను. ఆమె చేతికి కట్టు ఉంది. పిల్ల లోపల ఫ్యాను కింద పడుకుని పైకి చూస్తోంది. నాకు మజ్జిగ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితం బయటికి తీశాను. ఆమె నన్ను తిడుతుందని, ముఖాన విసిరికొడుతుందని అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

ఆమె చదవనే లేదు.

"యాడ పెట్టాలన్నా సంతకం?"

చదవమన్నట్టు చెయ్యి చూపించాను.

"ఏముంటాదో నాకు తెలుసులే అన్నా. స్కూల్లో చేర్చేటప్పుడు పెట్టించుకున్నారు. వ్యాన్ ఎక్కించేటప్పుడు పెట్టించుకున్నారు. పళ్ళ డాక్టరు కూడా పెట్టించుకున్నాడు. ఏం జరిగినా తల్లిదే బాధ్యత అని. ఒక సంచి నిండా ఉండాయి." లోపలి నుంచి పెన్ను తెచ్చుకుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఆగింది. "పెడతా గానీ, ఒక మాట చెప్పండి. ఇది పెడితే పాపను మళ్ళా రానిస్తారు గదా? దానికి ఆ చక్రం ఎక్కించనే లేదు."

అంతకు మూడు రోజుల ముందు ఆ పిల్లను దాదాపు చంపినవాణ్ణి నేను. నన్ను అనుమతి అడుగుతోంది.

"రానిస్తామమ్మా" అన్నాను. ఆమె సంతకం పెట్టింది. నేను ఆ కాగితం తీసుకొచ్చి ఎండీ గారి చేతిలో పెట్టాను. జాహ్నవి మళ్ళీ వచ్చింది, ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. పాటలు లేని ఆ మొదటి అరగంటలో చక్రం ఎక్కి దిగనంటే దిగననేది. కానీ కాగితం అలాగే ఉంది. రిటైరైన రోజున అడిగాను, చించేస్తానన్నాను, ఎండీ గారు ఇవ్వలేదు.

మీలో ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆఫీసు బీరువా తాళాలు వస్తాయి. ఆ కాగితం కనిపిస్తుంది. తల్లి పిల్లను అదుపులో పెట్టుకోలేకపోయిందని రాసి ఉంటుంది. నమ్మకండి. ఆమె చేయి వదలలేదు. మైకు పట్టుకున్నది నేను.